యజమాని ఒక్కరే, జేబులు రెండు

వాటాదారు ఒక్కరే. డైరెక్టరూ ఆయనే. తీర్మానాన్ని ప్రతిపాదించేది, ఆమోదించేది, పుస్తకంలో రాసి సంతకం చేసేది కూడా ఆయనే. అటువంటి కంపెనీకి మినిట్స్ పుస్తకం దేనికి, తనకు తాను నివేదించుకునే ఈ తతంగం ఎవరి కోసం అన్న ప్రశ్న ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాలలో సొంత కంపెనీ పెట్టుకున్న చిన్న వృత్తిదారుల నుంచి తరచు వినవస్తున్నది. పైకి ఇది సహేతుకమైన ప్రశ్నగానే కనిపిస్తుంది. కాని వ్యాపారానికి కష్టకాలం దాపురించిన నాడు యజమాని ఇంటిని, ఆయన కుటుంబం కూడబెట్టుకున్న సొమ్మును అప్పులవాళ్ల నుంచి కాపాడగలిగే ముఖ్యసాక్షి ఆ పుస్తకమే. ఈ సంగతిని యజమానులు విస్మరించడం ఒక లోపం. అవసరమైన పుస్తకానికీ, అలవాటుగా అడిగే పత్రాలకూ తేడా చూపకుండా చిన్నా పెద్దా కంపెనీలన్నింటినీ ఒకే గాటన కట్టి ఆలస్య రుసుములు వసూలు చేసే ప్రభుత్వ ధోరణి అంతకంటె పెద్ద లోపం.

ఒక్క మనిషితో కంపెనీ అన్న ఆలోచన మన దేశంలో బాగా ఆలస్యంగా వచ్చింది. కంపెనీల చట్టాన్ని సమీక్షించేందుకు డాక్టర్ జె.జె. ఇరానీ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 2005 లో ఈ సిఫారసు చేసింది. అది శాసన రూపం దాల్చడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2013 కంపెనీల చట్టంలో ‘వన్ పర్సన్ కంపెనీ’ పేరిట చోటు సంపాదించుకున్న ఈ ఏకవ్యక్తి కంపెనీ 2014 ఏప్రిల్ 1 నుంచి ఆచరణలోకి వచ్చింది. అంతకుముందు ప్రైవేటు కంపెనీ పెట్టాలంటే కనీసం ఇద్దరు సభ్యులు ఉండవలసి వచ్చేది. అందుకని భార్యనో, తమ్ముడినో పేరుకు ఒక వాటా ఇచ్చి నిలబెట్టేవారు. ఆ నటనకు చట్టం స్వస్తి చెప్పింది. మొదట్లో చెల్లించిన మూలధనం 50 లక్షల రూపాయలు, సగటు వార్షిక టర్నోవరు 2 కోట్ల రూపాయలు దాటితే ఏకవ్యక్తి హోదాను వదులుకోవాలన్న నిబంధన ఉండేది. 2021-22 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితులను ఎత్తివేశారు. ప్రవాస భారతీయులకు కూడా ద్వారాలు తెరిచారు. దేశంలో నివాసం ఉండవలసిన కాలాన్ని 182 రోజుల నుంచి 120 రోజులకు తగ్గించారు. ఇవన్నీ హర్షణీయమైన చర్యలే.

సొంత వ్యాపారికీ ఏకవ్యక్తి కంపెనీకీ గల వ్యత్యాసం పరిమిత బాధ్యత అన్న ఒక్క మాటలో ఉన్నది. సొంత పేరుతో వ్యాపారం చేసేవాడు నష్టపోతే అప్పులవాళ్లు అతడి ఇంటినీ పొలాన్నీ జప్తు చేయించగలరు. కంపెనీ నష్టపోతే యజమాని తాను పెట్టిన వాటా ధనాన్ని మాత్రమే కోల్పోతాడు. ఎందుకంటే చట్టం దృష్టిలో కంపెనీ వేరు, దాన్ని పెట్టిన మనిషి వేరు. లండన్‌లో బూట్లు తయారుచేసే ఏరన్ సాలమన్ అనే వర్తకుడి వ్యాజ్యంలో బ్రిటన్ ప్రభువుల సభ ఈ సూత్రాన్ని స్థిరపరచింది. 1897 నాటి న్యాయ నివేదికలకెక్కిన ఆ తీర్పును నేటికీ మన న్యాయస్థానాలు ప్రమాణంగా స్వీకరిస్తున్నాయి. ఆ కంపెనీలోని 20,007 వాటాలలో 20,001 సాలమన్‌వే. మిగిలిన ఆరూ భార్యాబిడ్డలకు తలా ఒకటి. అయినా కంపెనీ బాకీలు సాలమన్ బాకీలు కావని తీర్పు వచ్చింది.

కాని చట్టం ఇచ్చిన ఈ రక్షణ షరతులు లేనిది కాదు. మనిషి వేరు, కంపెనీ వేరు అని లోకం నమ్మాలంటే ముందుగా ఆ మనిషి నమ్మాలి. ఆ నమ్మకం ఆయన రాతకోతలలో కనిపించాలి. ఇద్దరు ముగ్గురు భాగస్వాములున్న చోట ఒకరి చేష్టను మరొకరు ప్రశ్నిస్తారు, లెక్క అడుగుతారు. ఒక్కడే ఉన్న చోట అడిగేవారు లేరు. అడిగేవారు లేని లోటును పూరించేందుకే చట్టం పుస్తకాన్ని అడుగుతున్నది. ఐరోపా దేశాలు 1989 లో ఏకసభ్య కంపెనీలను అనుమతిస్తూ ఉమ్మడి ఆదేశం వెలువరించినప్పుడు, ఏకైక సభ్యుడి నిర్ణయాలను, కంపెనీతో అతడు చేసుకునే ఒప్పందాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలని అందులోనే షరతు పెట్టాయి. చైనా మరింత కఠినంగా వ్యవహరించింది. కంపెనీ ఆస్తి, తన ఆస్తి వేర్వేరని ఏకైక వాటాదారు తానే రుజువు చేసుకోవాలనీ, చేసుకోలేకపోతే కంపెనీ అప్పులకు అతడూ బాధ్యుడేననీ 2005 నాటి సవరణతో శాసించింది. 2024 జులైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమాన్ని కొనసాగించింది. రుజువు భారాన్ని మన చట్టం అంతగా మోపలేదు. కాని రుజువు అవసరమైన రోజున పుస్తకం లేనివాడి గతి ఎక్కడైనా ఒకటే.

మన చట్టం ఏకవ్యక్తి కంపెనీకి అనేక వెసులుబాట్లు కల్పించిన మాట వాస్తవం. వార్షిక సర్వసభ్య సమావేశం జరపనవసరం లేదు. సమావేశాల నోటీసులు, కోరం, ప్రాక్సీలు మొదలైన నిబంధనలు వర్తించవు. ఒకే డైరెక్టరు ఉంటే బోర్డు సమావేశాలూ అక్కరలేదు. ఒకరికంటె ఎక్కువ మంది డైరెక్టర్లుంటే ఏడాదిలో ప్రతి అర్ధభాగానికి ఒక సమావేశం, రెండింటి నడుమ 90 రోజుల ఎడం ఉంటే చాలు. ఆర్థిక నివేదికలలో నగదు ప్రవాహ పట్టిక చేర్చనవసరం లేదు. ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలన్న నియమం లేదు. జరిమానాలు ఇతర కంపెనీలకు విధించేవాటిలో సగానికి మించరాదని 446బి సెక్షన్ చెబుతున్నది.

ఇన్ని తీసివేసిన తరువాత కూడా చట్టం కొన్నింటిని మాత్రం వదలలేదు. సమావేశంలో చేయవలసిన తీర్మానాన్ని ఏకైక సభ్యుడు కంపెనీకి తెలియజేసి, మినిట్స్ పుస్తకంలో నమోదు చేసి, తేదీ వేసి సంతకం చేయాలి. ఆ తేదీయే సమావేశం జరిగిన తేదీగా పరిగణన పొందుతుంది. ఇది 122వ సెక్షన్. ఆ విధంగా రాసిన మినిట్స్ సాక్ష్యంగా చెల్లుతాయని 118వ సెక్షన్ హామీ ఇస్తున్నది. మినిట్స్‌ను తారుమారు చేసినట్లు రుజువైతే రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చునని కూడా అదే సెక్షన్ హెచ్చరిస్తున్నది. కంపెనీకీ, డైరెక్టరు కూడా అయిన దాని ఏకైక సభ్యుడికీ నడుమ రోజువారీ వ్యాపార సరళికి వెలుపల కుదిరే ఒప్పందం రాతపూర్వకంగా లేకపోతే, దాని షరతులను తదుపరి బోర్డు సమావేశపు మినిట్స్‌లో రాసి, 15 రోజులలో రిజిస్ట్రారుకు తెలపాలని 193వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. చిట్టా, ఆవర్జాలను జంట పద్దు విధానంలో రాసి ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పాటు భద్రపరచాలి. కంప్యూటర్‌లో లెక్కలు రాసే కంపెనీలు, ఏ పద్దును ఎప్పుడు మార్చారో దానంతటదే నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. అమ్మకాలు సున్నా అయినా చార్టర్డ్ అకౌంటెంట్ చేత ఆడిట్ చేయించక తప్పదు.

వీటిలో మినిట్స్, ఒప్పందాలు, లెక్కల పుస్తకాలు ఎంత కీలకమో రెండు పాత వ్యాజ్యాలు తెలియజేస్తాయి. ఉత్తర ఐర్లండ్‌లో మకౌరా అనే భూస్వామి తన కలపనంతా సొంత కంపెనీకి అమ్మివేశాడు. దాదాపు వాటాలన్నీ ఆయనవే. అయితే కలపకు భీమా మాత్రం తన పేరుతోనే చేయించుకున్నాడు. అగ్నిప్రమాదంలో కలప కాలిపోయింది. కలప కంపెనీది, భీమా మీది, కనుక ఒక్క పైసా రాదని 1925 లో ప్రభువుల సభ తేల్చిచెప్పింది. రెండవది న్యూజీలాండ్‌కు చెందిన లీ అనే పైలట్ కథ. పొలాలపై విమానంతో ఎరువు చల్లే కంపెనీని స్థాపించి, 3,000 వాటాలలో 2,999 తాను ఉంచుకుని, అదే కంపెనీలో జీతంపై పైలట్‌గా నియమితుడయ్యాడు. 1956 లో విమానం కూలి మరణించాడు. యజమానే ఉద్యోగి ఎలా అవుతాడన్న వాదనను 1960 లో ప్రీవీ కౌన్సిల్ తిరస్కరించి, ఆయన భార్యకు కార్మిక నష్టపరిహారం పొందే హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది. మనిషినీ కంపెనీనీ కాగితం మీద వేరు చేయడం వల్ల ఒక కుటుంబం గట్టెక్కింది. ఆ తేడాను మరచి కంపెనీ సరుకుకు సొంత పేరుతో భీమా కట్టినందున మరొకరు సర్వం నష్టపోయారు.

కంపెనీ ముసుగును తొలగించే అధికారం న్యాయస్థానాలకు ఉన్నదని కూడా యజమానులు గుర్తెరగాలి. ఇందుకు ఢిల్లీలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. ఝండేవాలాన్‌లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ 1980 లో వేలం వేసిన స్థలాన్ని స్కిప్పర్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ 9.82 కోట్ల రూపాయలకు పాడుకుని, సొమ్ము సకాలంలో కట్టకుండానే, కట్టబోయే భవనంలో జాగా ఇస్తామంటూ ప్రజల నుంచి కోట్ల రూపాయలు వసూలు చేసింది. కోర్టు ఉత్తర్వులను సైతం ఉల్లంఘించింది. 1996 లో సుప్రీంకోర్టు ఈ వ్యవహారంపై తీర్పునిస్తూ, కంపెనీ అనే రూపం వాణిజ్యాన్ని ప్రోత్సహించడానికి ఏర్పడిందే కాని ప్రజలను మోసగించడానికి కాదనీ, అటువంటి దుర్వినియోగం జరిగినప్పుడు న్యాయస్థానం ఆ రూపాన్ని పక్కన పెట్టి వెనుకనున్న వాస్తవాన్ని చూస్తుందనీ స్పష్టం చేసింది. కుటుంబ సభ్యులు, వారు సృష్టించిన పలు సంస్థలు అన్నీ ఒక్కటిగానే పరిగణన పొందాయి. ఆ తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. నిజాయితీగా బతికే చిన్న యజమానిని ఆ కోవలో చేర్చలేము. కాని కంపెనీ ఖాతా నుంచి ఇంటి అద్దె, పిల్లల బడి ఫీజు, పెళ్లి ఖర్చు ఇష్టానుసారం తీసుకుని, ఏ పద్దూ రాయని యజమాని, తానూ కంపెనీ వేర్వేరని రేపు వాదించాలంటే దేన్ని చూపిస్తాడు?

పన్నుల విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. సొంత వ్యాపారి తన గల్లాపెట్టె నుంచి ఎంత తీసుకున్నా అడిగేవారు లేరు. ఏకవ్యక్తి కంపెనీలో అది చెల్లదు. యజమాని కంపెనీ నుంచి అప్పుగా, అడ్వాన్సుగా తీసుకునే సొమ్మును, కంపెనీకి పోగుపడిన లాభం ఉన్నమేరకు, ఆయనకు ముట్టిన డివిడెండుగా భావించి పన్ను విధించే వీలును ఆదాయపు పన్ను చట్టం కల్పించింది. అదే సొమ్మును ముందుగా తీర్మానం చేసి జీతంగానో, గదికి అద్దెగానో, లోగడ తాను కంపెనీకి ఇచ్చిన అప్పు తిరిగి చెల్లింపుగానో పద్దు రాసి తీసుకుంటే లెక్క వేరు. జి.ఎస్.టి. చట్టంలోని 89వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు కంపెనీ బకాయి పడిన పన్ను కంపెనీ నుంచి వసూలు కాకపోతే డైరెక్టర్లు సొంతంగా చెల్లించాలి. తన ఘోరమైన నిర్లక్ష్యం వల్ల, విధి ఉల్లంఘన వల్ల ఆ పరిస్థితి రాలేదని రుజువు చేసుకున్న డైరెక్టరుకు మాత్రమే మినహాయింపు. ఏకవ్యక్తి కంపెనీ కూడా చట్టరీత్యా ప్రైవేటు కంపెనీయే. నిర్లక్ష్యం లేదని నిరూపించడానికి ఆనాడు ఏమి నిర్ణయించారో, ఎందుకు నిర్ణయించారో తెలిపే మినిట్స్ పుస్తకం కంటె మెరుగైన ఆధారం ఏముంటుంది?

ఇక్కడ ప్రభుత్వమూ బ్యాంకులూ సమాధానం చెప్పవలసిన వైరుధ్యం ఒకటున్నది. నీవు వేరు, నీ కంపెనీ వేరు, లెక్కలు విడిగా రాయమని చట్టం ఆదేశిస్తుంది. అదే యజమాని అప్పు కోసం వెళితే వ్యక్తిగత హామీ పత్రంపై సంతకం చేయమని బ్యాంకులు సాధారణంగా కోరుతాయి. ఆ సంతకంతో పరిమిత బాధ్యత అన్న రక్షణ, కనీసం ఆ అప్పు విషయంలో, అంతరించిపోతుంది. కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తులపై దివాలా చర్యలు చేపట్టే నిబంధనలు 2019 డిసెంబరు 1 నుంచి అమలులోకి రాగా, 2021 మే నెలలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. పరిమిత బాధ్యత కోసం పుస్తకాలు, ఆడిట్, పత్రాల భారమంతా మోసిన చిన్న యజమాని, బ్యాంకు గడప వద్ద ఆ ఫలాన్ని వదులుకోవలసి రావడం శోచనీయం. సరకు సరఫరా చేసేవారు, ఇంటి యజమాని, ఖాతాదారులు వంటి ఇతరుల విషయంలో మాత్రం ఆ రక్షణ నిలిచే ఉంటుంది. కనుక పుస్తకం వృథా అనుకోవడానికి వీలులేదు.

రాజధాని ప్రాంతపు యజమానికి మరికొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఢిల్లీ, హర్యానా కంపెనీల రిజిస్ట్రారు కార్యాలయానికి నెహ్రూ ప్లేస్‌లోని ఐ.ఎఫ్.సి.ఐ. టవర్ దశాబ్దాలుగా చిరునామాగా ఉంటూ వచ్చింది. యమునకు ఆవల మెట్రో రైలులో కొద్ది నిమిషాల దూరంలో ఉన్న నోయిడా కంపెనీలు మాత్రం చాలాకాలం పాటు కాన్పూరు రిజిస్ట్రారు పరిధిలో ఉండేవి. మయూర్ విహార్‌లో అద్దె ఇంటి నుంచే కంపెనీ నడుపుకునే ఒక డిజైనర్ ఇల్లు మారి నోయిడాకు వెళితే, సామాను తరలించడానికి ఒక పూట చాలు. రిజిస్టర్డ్ కార్యాలయాన్ని తరలించాలంటే మాత్రం రాష్ట్రం మారినందున మెమోరాండం సవరించాలి, పత్రికలలో ప్రకటనలు ఇవ్వాలి, రుణదాతలకు నోటీసులు పంపాలి, రీజనల్ డైరెక్టరు ఆమోదం పొందాలి. ఈ శ్రమకు వెరచి చాలామంది పాత చిరునామానే కొనసాగిస్తారు. అక్కడికి వెళ్లిన నోటీసులు చేరవు. రిజిస్ట్రారు స్వయంగా తనిఖీ చేయించినప్పుడు ఆ చిరునామాలో కంపెనీ కనిపించకపోతే పేరు కొట్టివేతకు కూడా దారితీయవచ్చు. రాజధాని ప్రాంతమంతా ఒకే ఆర్థిక మండలమని చెప్పుకునే పాలకులు, అప్పులేమీ లేని చిన్న కంపెనీ పది కిలోమీటర్లు జరగడానికి ఇంత వ్యవహారం అవసరమా అని ఆలోచించాలి.

సాంకేతికంగా ప్రభుత్వం సాధించిన ప్రగతిని కాదనలేము. కొత్త కంపెనీల నమోదును ఒకే చోట చేపట్టే కేంద్రం గురుగ్రామ్ సమీపంలోని మానేసర్‌లో 2016 లో ప్రారంభమైంది. స్వచ్ఛందంగా మూసివేసే కంపెనీల దరఖాస్తులను పరిష్కరించే కేంద్రం 2023 మే నెలలోనూ, పలు పత్రాలను పరిశీలించే మరో కేంద్రం 2024 ఫిబ్రవరిలోనూ అక్కడే వెలిశాయి. గుంటూరులో పెట్టినా, కరీంనగర్‌లో పెట్టినా కంపెనీ పుట్టుకకు, స్వచ్ఛంద మూసివేతకు మానేసరే వేదిక. కాని పుట్టడం, గిట్టడం సులువు చేసిన ప్రభుత్వం నడుమ బతుకును అంత సులువు చేయలేదు. 2025 లో వార్షిక పత్రాలను కొత్త పోర్టల్‌కు మార్చిన తరువాత ప్రభుత్వమే గడువు పొడిగించవలసి వచ్చింది.

అన్నింటికంటె గర్హనీయమైనది ఆలస్య రుసుము. ఏకవ్యక్తి కంపెనీ ఆర్థిక నివేదికను మార్చి 31 నుంచి 180 రోజులలో, అంటే సెప్టెంబరు 27 లోగా దాఖలు చేయాలి. వార్షిక రిటర్నుకు గడువు లెక్కింపు మరీ విచిత్రం. సర్వసభ్య సమావేశం జరగవలసిన తేదీ నుంచి 60 రోజులని చట్టం చెబుతుంది. ఆ సమావేశమే అక్కరలేదని అదే చట్టం ఈ కంపెనీలకు మినహాయింపు ఇచ్చింది. లేని సమావేశపు తేదీని ఊహించుకుని గడువు లెక్కించుకోవాలన్నమాట. గడువు దాటితే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము. 2018 జులై నుంచి అమలవుతున్న ఈ రుసుముకు గరిష్ఠ పరిమితి లేదు. రెండు పత్రాలు ఏడాది ఆలస్యమైతే 73 వేల రూపాయలు, రెండేళ్లయితే 1,46,000 రూపాయలు. వేల కోట్ల కంపెనీకీ, ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసుకునే మనిషి కంపెనీకీ రోజుకు అదే 100 రూపాయలు. జరిమానాను సగానికి తగ్గించిన చట్టం రుసుమును తగ్గించలేదు. పేరు రుసుము గనుక ఆ రాయితీ దీనికి వర్తించదు. శిక్ష కంటె ఫీజు భారం కావడం ఏపాటి న్యాయం?

వ్యాపారం సాగక ఆగిపోయిన వ్యక్తి ఈ లెక్క చూసి భయపడి, మూసివేతకు కూడా దరఖాస్తు చేయకుండా ఊరుకుంటాడు. ఊరుకున్నకొద్దీ రుసుము పెరుగుతుంది. వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు పత్రాలు దాఖలు చేయకపోతే డైరెక్టరు పదవికి ఐదేళ్లు అనర్హుడవుతాడు. 2017 లో ప్రభుత్వం డొల్ల కంపెనీల ఏరివేత పేరిట రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లను కొట్టివేసి, మూడు లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. పేర్లు పోయిన కంపెనీల బ్యాంకు ఖాతాల నిర్వహణపై ఆంక్షలు పడ్డాయి. నల్లధనాన్ని దాచే డొల్ల కంపెనీలను ఏరివేయవలసిందే. అయితే పత్రాలు దాఖలు చేయలేదన్న ఒక్క కొలబద్దతో మోసగాడినీ బద్ధకస్తుడినీ ఒకే తక్కెడలో తూచడం సమంజసం కాదు. కొట్టివేసిన పేరును తిరిగి పొందాలంటే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. చిన్న యజమానికి అది తలకు మించిన వ్యవహారం.

మరణం మాట కూడా చెప్పుకోక తప్పదు. ఏకవ్యక్తి కంపెనీ పెట్టేటప్పుడే యజమాని ఒక నామినీ పేరును, ఆ వ్యక్తి లిఖితపూర్వక సమ్మతితో సహా, మెమోరాండంలో చేర్చాలి. యజమాని మరణించినా, ఒప్పందాలు చేసుకునే సామర్థ్యం కోల్పోయినా ఆ నామినీ కంపెనీ సభ్యుడవుతాడు. పెళ్లికి ముందు తమ్ముడి పేరో, మిత్రుడి పేరో రాసి, తరువాత మార్చడం మరచిన యజమాని కన్నుమూస్తే, భార్యాపిల్లలు తమదనుకున్న కంపెనీ మరొకరి చేతికి పోవచ్చు. సాధారణ కంపెనీ వాటాల విషయంలో నామినేషన్ వారసత్వ హక్కును తోసిపుచ్చజాలదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, ఏకవ్యక్తి కంపెనీలో వివాదం తలెత్తితే కుటుంబం కోర్టుల చుట్టూ తిరిగే దుస్థితి తప్పకపోవచ్చు. నామినీ పేరును ఎప్పటికప్పుడు సరిచూసుకోవడం, వీలునామాలో వాటాల సంగతి రాయడం యజమాని తన వారికి చేయగలిగిన కనీస మేలు.

ఇక చేయవలసినదేమిటి? రుసుముకు గరిష్ఠ పరిమితి విధించి, దాన్ని కంపెనీ టర్నోవరుతో ముడిపెట్టాలి. లెక్కలు, వార్షిక రిటర్ను రెండింటినీ ఒకే పత్రంగా చేసి, లేని సమావేశంతో సంబంధం లేకుండా క్యాలెండరులో ఒక తేదీని ఖరారు చేయాలి. రాజధాని ప్రాంతం వంటి చోట్ల, అప్పులు లేని ఏకవ్యక్తి కంపెనీల చిరునామా మార్పును సుగమం చేయాలి. సూక్ష్మ, చిన్న కంపెనీలకు చట్టబద్ధమైన ఆడిట్ అవసరమా అని జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ 2021 లోనే చర్చ లేవనెత్తింది. ఆ చర్చను ఒక కొలిక్కి తేవాలి. ఆడిట్‌ను సరళం చేసినా లెక్కల పుస్తకాన్ని మాత్రం సడలించరాదు. తీర్మానాలకు, ఒప్పందాలకు నమూనాలను తెలుగుతో సహా భారతీయ భాషలన్నింటిలో ప్రభుత్వం ప్రచురించాలి. వన్ పర్సన్ కంపెనీ అంటూ ప్రోత్సహించిన ప్రభుత్వం, ఆ ఒక్క మనిషికి అర్థమయ్యే భాషలో నాలుగు పేజీలు అందించలేకపోవడం న్యాయం కాదు.

ప్రభుత్వం దిద్దుకునే వరకు యజమానులు చేతులు ముడుచుకుని కూర్చోవడం క్షేమం కాదు. కంపెనీకి ప్రత్యేక బ్యాంకు ఖాతా ఉండాలి. అందులో నుంచి ఇంటి ఖర్చు పోరాదు. తాను తీసుకునే జీతం, ఇచ్చే అప్పు, అద్దెకిచ్చే గది మొదలైనవాటికి రాతపూర్వకమైన ఒప్పందం, తీర్మానం, సంతకం, తేదీ ఉండాలి. వాటిని జరిగిన నాడే రాయాలి. నోటీసు వచ్చిన తరువాత పాత తేదీలతో సృష్టించే మినిట్స్ కాపాడకపోగా కొత్త నేరాన్ని తెచ్చిపెడతాయి. కంపెనీ సరుకుకు, సామగ్రికి భీమా కంపెనీ పేరుతోనే ఉండాలి. చెక్కుపైనా, ఒప్పందంపైనా డైరెక్టరు హోదాను తెలుపుతూ కంపెనీ పక్షాన సంతకం చేయాలి. ఆడిటరు చేతికి ఏడాది చివర ఒక సంచీ నిండా రసీదులు అప్పగించి ఊపిరి పీల్చుకునే అలవాటు మానాలి. నెలకు ఒక పూట వెచ్చిస్తే వీటిలో చాలావరకు పూర్తవుతాయి. తన మాటకు తానే సాక్షిగా నిలవవలసిన యజమానికి ఆ సాక్ష్యాన్ని ఎప్పటికప్పుడు రాసి ఉంచుకోవడమే రక్షణ. ఆ రాతను గౌరవించి, దాని చుట్టూ పెరిగిన రుసుముల ముళ్లకంపను నరికివేయడం ప్రభుత్వం వెంటనే చేపట్టవలసిన పని.